మునగచెట్టు మేడం

ఆ బడిలో లెక్కలు చెప్పే టీచరుకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుందని జీతాల రోజున గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. స్టాఫ్‌రూములో ఆవిడ మునగచెట్టు మేడం. చాటుగానే అనేవారు. కానీ చాటుమాటకి కాళ్ళెక్కువ. అది నడుచుకుంటూ వచ్చి ఓరోజు ఆవిడ చెవిన పడింది. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా, "మంచి పేరే పెట్టారండీ, ఆకూ కాయా రెండూ పనికొచ్చే చెట్టు. ఎంతైనా సైన్సు మాస్టారి బుర్రే బుర్ర" అంది. పేరు పెట్టిన సైన్సు మాస్టారు టీ సగంలో వదిలేసి, లేని క్లాసుకి వెళ్ళిపోయాడు.

ఎదుటివాళ్ళని పొగడకుండా ఉండటం ఆవిడకి చేతకాదు. అటెండరు గంట కొట్టడం మరిచిపోయి ఆనక పరుగెత్తుకొచ్చి కొడితే, "ఆలస్యమైనా ఎంత నిండుగా మోగించావయ్యా" అనేది. ఆవిడ భర్త నీళ్ళ మోటార్లు బాగుచేసే మెకానిక్కు. ఊరందరి మోటార్లూ ఆడించే ఆయన ఇంట్లో కుళాయి బిగిస్తే, అది అంతకుముందుకన్నా ఎక్కువ కారింది. "ధార ఇప్పుడు సన్నగా, అందంగా ఉందండీ" అందావిడ. ఆయన భార్య మొహంలోకి తేరిపార చూసి, వెటకారం కాదని తెలుసుకుని, కిమ్మనకుండా కుళాయి కింద బకెట్టు పెట్టాడు.

ఈ అలవాటు ఎక్కడిదంటే ఆవిడ చిన్నతనం దాకా వెళ్ళాలి. ఆవిడ అన్న చదువులో చురుకు. ఆవిడ ఒక తరగతి తప్పింది. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ నాన్న పిల్లల్ని ఒకే తీరున చూపించేవాడు. "వీడు పెద్దాడు, చదువుతాడు. ఇది చిన్నది, తింటుంది." వచ్చినవాళ్ళు నవ్వేవారు. ఆవిడా నవ్వేది. నవ్వకపోతే ఆ మాట కూడా అర్థం కాలేదనుకుంటారని భయం. తర్వాత పట్టుబట్టి చదివింది. తను తప్పిన లెక్కలే పట్టుకుని టీచరైంది. తన క్లాసులో ఏ పిల్లా, ఏ పిల్లాడూ ఆ నవ్వు నవ్వే అవసరం రాకూడదని మాత్రం మనసులో గట్టిగా అనుకుంది.

అందుకే పదో తరగతి తప్పేలా ఉన్నవాళ్ళకి సాయంత్రాలు విడిగా క్లాసు పెట్టాలని హెడ్మాస్టరు అన్నప్పుడు, మిగతావాళ్ళంతా కిటికీలోంచి ఆకాశం వైపు చూస్తుంటే ఆవిడ చెయ్యెత్తింది. విరిగిన బెంచీలు పడేసే గది ఇచ్చారు. పిల్లలు దానికి ఐసీయూ అని పేరు పెట్టుకున్నారు.

"ఏం మేడం, మీ ఐసీయూలో ఎలా ఉన్నారు?" అని సైన్సు మాస్టారు అడిగేవాడు.

"అందరూ కోలుకుంటున్నారండీ, మీ చలవ."

ఐసీయూలో ఎర్ర సిరా ఉండేది కాదు. తప్పు అన్న మాటే వినపడేది కాదు. లెక్క సగంలో ఆగిపోతే "మంచి ఆరంభం" అని రాసేది. జవాబు దారితప్పి ఎటో పోతే "ఆలోచన కొత్తగా ఉంది" అని రాసేది. ఒకడు ఖాళీ కాగితం ఇచ్చి కూర్చుంటే, పాపం చాలాసేపు కలం పట్టుకుని ఆలోచించి, "శుభ్రత బాగుంది" అని రాసింది. పరీక్షలకి ఆవిడది ఇంకో పద్ధతి. ముందురోజు బోర్డు మీద తను చేసి చూపించిన లెక్కలే, అంకె మారకుండా, మర్నాడు పరీక్షలో ఇచ్చేది. మార్కులు దండిగా పడేవి. మార్కులు చూసుకుని మురిసిపోయి పిల్లలు మళ్ళీ సాయంత్రం వచ్చేవారు.

వచ్చేవారన్న మాట మాత్రం నిజం. మధ్యాహ్నం గోడ దూకి పోయేవాళ్ళు బడి వదిలాక కూడా కూర్చుంటున్నారంటే అదేం తక్కువ సంగతి కాదు. ముందు భయం పోనీ, తర్వాత మెల్లగా అసలు లెక్కల్లోకి దింపుదాం అనుకుందావిడ. ఆ 'తర్వాత' అన్నది మాత్రం రాలేదు. పొగిడిన నోటితో తప్పని చెప్పడం ఒకరోజుకన్నా ఒకరోజు కష్టమవుతుంది మరి.

వాళ్ళందరిలోకీ ఆవిడ ఎక్కువ మురిసిపోయేది గుండుసూదిని చూసి. టైలరమ్మ కూతురు, పుల్లలా ఉంటుంది, దాంతో ఆ పేరు అతుక్కుపోయింది. మొదటి పరీక్షల్లో లెక్కల్లో తప్పిననాడు, సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల బెంచీ కిందకి పెట్టి, గంట కొట్టేదాకా ఎత్తలేదు. అలాంటిది ఇప్పుడు పిలవకముందే బోర్డు దగ్గరికి వస్తోంది. గొంతు వినపడుతోంది. పక్క పిల్లకి చెప్పిపెడుతోంది కూడా, తప్పో ఒప్పో.

"నేను పాసవుతానా టీచర్?" అని అడిగింది ఓ సాయంత్రం.

"పాసు మాటెందుకే, ఇంకొన్నాళ్ళు పోతే నువ్వే నాకు చెప్పేలా ఉన్నావు."

ఆ పిల్ల నడిచి ఇంటికి వెళ్ళలేదు, ఎగురుకుంటూ వెళ్ళింది. ఈ సంతోషం వాళ్ళమ్మకి కూడా అందాలని టీచరుకి అనిపించింది. బడిలో తల్లిదండ్రుల మీటింగులకి టైలరమ్మ ఎప్పుడూ రాలేదు. కనుక టీచరే ఒక డ్రెస్సు గుడ్డ చంకన పెట్టుకుని ఆదివారం షాపుకి వెళ్ళింది.

అది రోడ్డుకి ఒక మెట్టు పైనున్న ఇరుకు గది. రెండు కుట్టు మెషీన్లు. రెండోదాని మీద గుడ్డ కప్పి ఉంది. దానిమీద కుట్టే మనిషి సొంతంగా షాపు పెట్టుకుని వెళ్ళిపోయి చాలా రోజులైంది. గోడవారగా ఆస్పత్రి నర్సుల యూనిఫాంలు, కత్తిరించినవి, కుట్టనివి, తెల్లటి గుట్టగా నడుమెత్తు పేరుకుపోయి ఉన్నాయి. టైలరమ్మ టేపు తీసి టీచరు నడుముకి చుట్టింది. టీచరు ఊపిరి బిగబట్టింది. టైలరమ్మ టేపు అలాగే పట్టుకుని నిలబడింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు టీచరుగారూ. మీరు ఊపిరి వదిలేదాకా ఆగుదామని. తొందరేం లేదు."

టీచరు మొహం కందగడ్డలా అయింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోడానికి వెంటనే గుండుసూది సంగతి ఎత్తుకుంది. ఎత్తుకున్నాక ఆవిడ నోటికి బ్రేకుల్లేవు. పిల్ల బోర్డు దగ్గరికి ఎలా వస్తుందో, ఎన్ని మార్కులు తెచ్చుకుందో, పక్కవాళ్ళకి ఎలా చెబుతుందో అంతా చెప్పింది. చివరికి ఆ ఊపులో, "అసలు మాటేంటంటే, మీ అమ్మాయికి నేర్పడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదండీ. అన్నీ వచ్చేశాయి" అంది.

టైలరమ్మ టేపు మెడలో వేసుకుంది. కళ్ళజోడు తీసి ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది.

"అన్నీ వచ్చేసినట్టేనా?"

"అన్నీనండీ."

"ఈ ఒక్క మాట ఎవరైనా చెబుతారా అని ఎన్నాళ్ళనుంచో చూస్తున్నాను" అంది టైలరమ్మ.

టీచరు ఆ రాత్రి భర్తకి ఈ కథంతా చెప్పి, తనని తాను కూడా కాస్త మునగచెట్టెక్కించుకుని పడుకుంది.

సోమవారం గుండుసూది బడికి రాలేదు. మంగళవారం రాలేదు. జ్వరమేమో అనుకుంది టీచరు. వారం చివరికి కూడా రాకపోయేసరికి షాపుకి వెళ్ళింది. రెండో మెషీను మీద కప్పిన గుడ్డ లేదు. దాని ముందు గుండుసూది కూర్చుని తెల్లచొక్కాకి గుండీలు కుడుతోంది. టీచరుని చూసి లేచి నిలబడింది, సూది దారం చొక్కాకి వేలాడుతూనే ఉంది.

టైలరమ్మ ఎదురొచ్చి స్టూలు తుడిచి వేసింది. "రండి, మీ డ్రెస్సు ఎప్పుడో అయిపోయింది. కూలి మాటెత్తారంటే ఒప్పుకోను. మీరు చేసిన మేలుకి నేనేమిస్తే తీరుతుంది?"

"అది కాదండీ. అమ్మాయి బడికి..."

"ఇంకెందుకండీ? మీరే చెప్పారుగా." టైలరమ్మ నవ్వింది. ఆ నవ్వులో కల్మషం లేదు, అదే వచ్చిన చిక్కు. "నాకు చదువు అబ్బలేదు. దీనికి చదువు వచ్చేదాకా మెషీను ముట్టనివ్వకూడదని పట్టుబట్టి కూర్చున్నాను. చూపు ఆనక సూదిలో దారం ఎక్కించడానికి అవస్థ పడుతున్నా సరే, దీన్ని పిలవలేదు. దేవుడి దయవల్ల, మీ దయవల్ల ఆ చదువేదో వచ్చేసింది. ఇక నాకు సాయముంటుంది."

టీచరు స్టూలు మీద కూర్చోబోయి ఆగింది. "పరీక్ష రాయాలి కదండీ" అంది ఎలాగో.

"వచ్చిన చదువుకి మళ్ళీ పరీక్షెందుకు టీచరుగారూ? నాకు కుట్టు వచ్చు, నాకెవరైనా పరీక్ష పెట్టారా?"

గుండుసూది ఆ వాదంలో తలదూర్చలేదు. కుట్టు వైపు చూస్తూ, "నాకు రాయాలనే ఉంది టీచర్. కానీ అమ్మకి చూపు ఆనట్లేదు. నేను చూసుకుంటా" అంది. ఆ గొంతులో దిగులున్నా, ధీమా కూడా ఉంది. అన్నీ వచ్చిన మనిషి ధీమా. దాన్ని చూసి టీచరుకి ఇంకా భయమేసింది.

హెడ్మాస్టరు దగ్గరికి వెళ్తే ఆయన చల్లగా చెప్పాడు. "హాజరు ఇప్పటికే అంతంతమాత్రం మేడం. ఇంకో వారం రాకపోతే పరీక్షకి పేరు పంపలేను. తర్వాత నన్ను బతిమాలినా లాభం లేదు. ఒక్కసారి చదువు ఆపిన పిల్ల మళ్ళీ వచ్చి కూర్చోవడం నా సర్వీసులో తక్కువ చూశాను." ఆవిడ లేవబోతుంటే అడిగాడు, "ఇంతకీ ఆ పిల్లకి నిజంగా అన్నీ వచ్చా?"

టీచరు బల్ల మీది హాజరుపట్టీ మూసేసి బయటికి నడిచింది. ఆయన మళ్ళీ అడగలేదు.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ మొదలుపెట్టింది. భర్త సంగతంతా విన్నాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది? వెళ్ళి నిజం చెప్పు."

"ఏమని చెప్పనండీ? ఆ పిల్లకి ఏమీ రాదనా? నిన్నగాక మొన్న తలెత్తిన పిల్ల."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే జీవితమంతా గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటుంది."

"గుండీలు కుట్టడం తప్పేం కాదులే."

"తప్పని నేనన్నానా? అది తనంతట తాను ఎంచుకుంటే సరే. ఇది నా నోటిదురద వల్ల వచ్చిపడింది."

భర్త చెయ్యి కడుక్కుని వచ్చాడు. "పోనీ నా మోటార్లలా చూడు. తిరుగుతోంది కదా అని నేను పొంగిపోతే నీళ్ళు పైకొస్తాయా?" అన్నాడు. ఆవిడ చివాల్న చూసేసరికి, "అంటే, కూర బాగుందని చెబుదామనే మొదలుపెట్టాను" అని లేచిపోయాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల్లికి నిజం చెబితే పిల్ల మొహం మళ్ళీ బెంచీ కిందకి పోతుంది. చెప్పకపోతే ఆ బెంచీయే ఉండదు. పిల్ల చెవిన పడకుండా తల్లికి మాత్రం చెప్పాలనుకుని, దారిలో అదేదో గొప్ప ఉపాయంలా తలుచుకుంటూ టీచరు షాపుకి వెళ్ళింది. ఆవిడ అదృష్టం, గుండుసూది లేదు. పెద్ద గుండీలు తెమ్మని తల్లి బజారుకి పంపింది.

వీధి వైపు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని, ఊపిరి పీల్చుకోకుండా చెప్పేసింది టీచరు. "నేను మీకు అబద్ధం చెప్పానండీ. అమ్మాయికి లెక్కలు రావు. నేను పెట్టినవి పరీక్షలే కావు. ముందురోజు చేసి చూపించినవే మళ్ళీ ఇచ్చేదాన్ని. ఆ మార్కులన్నీ నేను దానం చేసినవి. అసలు పరీక్ష ఇవాళ పెడితే తప్పుతుంది. ఇంకా చాలా నేర్పాలి. పంపించండి."

టైలరమ్మ మెషీను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. కోపం వస్తుందేమోనని టీచరు ఎదురుచూసింది. కోపం వచ్చినా బాగుండేది. టైలరమ్మ మొహం మెల్లగా వాడిపోయింది.

"అంటే మొద్దేనా?"

"అలా అనకండి."

"మరేమనాలి? మీరు చెప్పిందాన్నే చిన్నమాటలో అన్నాను." కాసేపు తెల్లగుడ్డల గుట్ట వైపు చూసింది. "నేను వీధంతా చెప్పుకున్నాను టీచరుగారూ. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పాను. నర్సులకి కూడా చెప్పాను."

టీచరుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు వెనక అలికిడైంది. గుండుసూది మెట్టు మీద నిలబడి ఉంది, చేతిలో చిన్న పొట్లం. ఎప్పుడొచ్చిందో, ఏ మాట దగ్గర్నుంచి విందో తెలియదు. టీచరు కళ్ళలోకి ఒకసారి చూసింది. లోపలికొచ్చి పొట్లం బల్ల మీద పెట్టింది.

"పెద్దవి లేవంటమ్మా. ఇవి ఇచ్చాడు" అని, తెర కట్టిన మూలకి పోయి, తెర లాక్కుంది. బట్టలు తొడిగి చూసుకునే ఆ మూలలో మనిషి నిలబడటానికి తప్ప కూర్చోవడానికి చోటు లేదు. తెర కింద రెండు పాదాలు కనపడుతున్నాయి. టీచరు వాటితో, "నేను..." అంది. ఆ తర్వాత ఏమనాలో ఆవిడకి, ఎంతమందికి ఎన్నో మంచిమాటలు అప్పనంగా పంచిపెట్టిన మనిషికి, ఒక్కటీ తోచలేదు.

మర్నాడు టైలరమ్మ కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చి బడి గేటులో వదిలింది. "వెళ్ళు. ఏమీ రాదంటున్నారుగా, నేర్చుకుని రా" అంది. టీచరుకి ఒక నమస్కారం పెట్టింది గాని, ఆ నమస్కారంలో పాత వెచ్చదనం లేదు.

హాజరు నిలబడింది. పేరు వెళ్ళింది. హెడ్మాస్టరు, "సాధించారు మేడం" అన్నాడు. ఏం సాధించిందో టీచరుకి తెలుసు. గుండుసూది సాయంత్రం క్లాసుకి వస్తోంది, గోడవార చివరి బెంచీలో కూర్చుంటోంది. బోర్డు దగ్గరికి రాదు. అడిగితే లేచి నిలబడుతుంది, నిలబడి ఊరుకుంటుంది. తల మాత్రం దించదు. నేరుగా చూస్తుంది. తల దించుకున్నా బాగుండునని టీచరుకి అనిపించేది.

విషయం మిగతా పిల్లలకి పాకడానికి ఒక్క రోజు చాలింది. ముందు బెంచీలో పిల్ల లేచి అడిగింది.

"మా మార్కులు కూడా అంతేనా టీచర్?"

ఇలాంటప్పుడు నోటికి రావలసిన తీపిమాటలు అరడజను ఆవిడ నాలుక చివరే ఉన్నాయి. మింగేసింది.

"అంతే" అంది.

శుభ్రత బాగున్నవాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వేమిటో ఆవిడకి బాగా తెలుసు. అర్థమైందని చూపించుకునే నవ్వు. తన క్లాసులో, తన చేతుల మీదుగా, అదే నవ్వు. ఆ వారం ఒకరిద్దరు మొహం చాటేశారు. ఆవిడ వాళ్ళ ఇళ్ళకి నడిచింది. ఒకరు వచ్చారు, ఒకరు తలుపు తీయలేదు. సైన్సు మాస్టారు ఈసారి ఐసీయూ గురించి హాస్యమాడలేదు. తన టీ ఆవిడ ముందుకి జరిపి, చక్కెర ఎక్కువైందేమో చూడమన్నాడు. ఎక్కువైందని చెప్పిందావిడ. ఆయన ఉలిక్కిపడ్డాడు.

ఆ మర్నాడు ఆవిడ బోర్డు మీద ఎప్పుడూ చేసి చూపించని లెక్క ఒకటి రాసింది. సమీకరణం, పెద్ద కష్టమైంది కాదు. "చేసి తీసుకురండి. రాకపోతే రాలేదనే చెప్తాను" అంది. పిల్లలు చాలాసేపు కలాలు కొరికారు. ఒక్కొక్కరే వచ్చారు, ఒక్కొక్కరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ మురిసిపోలేదు.

అందరి వెనక గుండుసూది వచ్చింది. పుస్తకం బల్ల మీద పెట్టింది, పక్కనే నిలబడింది. టీచరు చూసింది. దస్తూరి ముత్యాల్లా ఉంది. మొదటి రెండు వరసలూ సరిగ్గానే ఉన్నాయి. మొదలైతే బాగానే చేశావని అందామని ఆవిడ పెదవులు కదిలాయి.

"తప్పే కదా?" అంది గుండుసూది. షాపులో ఆ సాయంత్రం తర్వాత అడక్కుండా మాట్లాడిన మొదటి మాట అది.

"తప్పే."

"ఎక్కడ?"

టీచరు వేలు పెట్టి చూపించింది. "ఈ పక్కనుంచి ఆ పక్కకి తెచ్చావు. గుర్తు మార్చలేదు."

పిల్ల వంగి చూసింది. చాలాసేపు చూసింది. పుస్తకం తీసుకుని బెంచీకి పోలేదు, అక్కడే బల్ల చివర పెట్టుకుని, నిలబడే మళ్ళీ చేసింది. చేసి టీచరు వైపు తోసింది.

ఈసారి గుర్తు మారింది, కూడిక తప్పింది. రెండోసారి అదే మాట అనడం మొదటిసారి కన్నా కష్టం.

"ఇంకా తప్పే" అంది.

గుండుసూది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. "ఈసారి ఎక్కడో మీరు చెప్పకండి" అని, విరిగిన స్టూలొకటి కాలితో దగ్గరికి లాక్కుని కూర్చుంది.

గంట కొట్టారు. మిగతావాళ్ళు సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. అటెండరు తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడితే టీచరు చేత్తోనే ఆగమంది. ఆ పిల్ల కాగితం మీద పైనుంచి కిందకి వేలు జరుపుతోంది, ఒక్కో వరస దగ్గర ఆగుతోంది. కోపం ఇంకా పోలేదు, దవడ బిగిసే ఉంది. తలెత్తి టీచరు వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు.